ఒకే ప్రపంచం, ఒకే క్షవరం

భూమ్మీద ఇన్ని దేశాలుండడం ఎలాగూ తప్పలేదు గాని, ఇన్ని రకాల డబ్బులుండడం నాగరికతకు సిగ్గుచేటని కొందరు పెద్దలు ఒక చల్లని దేశంలో వెచ్చని గదిలో కూర్చుని తీర్మానించారు. ఇక మీదట భూగోళమంతటికీ ఒకటే నాణెం. దాని పేరు ‘జగం’. జగంలో నూరోవంతు ‘అణువు’. దీన్ని నడిపించడానికి విశ్వ ద్రవ్య సన్నాహక మండలి అని ఒకటి పెట్టి, ముందు ఏదో ఒక ఊళ్ళో ప్రయోగం చేసి చూద్దామనుకున్నారు.

‘మీకేమైనా అభ్యంతరమా?’ అని నాలుగు వందల ఊళ్ళకు ఉత్తరాలు వెళ్ళాయి. మూడు వందల తొంభై తొమ్మిది ఊళ్ళు ఉందన్నాయి. గోదావరి కాలవ గట్టున ఉన్న వేగిపాలెం పురపాలక సంఘం నుంచి మాత్రం జవాబు రాలేదు. ఆ నెలంతా అక్కడ ఉత్తరాలు తీసుకునే గుమాస్తా పచ్చకామెర్లతో పసరు మందుకు వెళ్ళి ఉన్నాడు. జవాబు రాకపోవడాన్ని మండలి ‘హర్షాతిరేకంతో కూడిన మౌనం’ అని నమోదు చేసుకుంది.

అలా వేగిపాలెంలో రూపాయి రద్దయింది. రెండు వేల రూపాయలు పట్టుకెళితే బ్యాంకులో ఒక జగం ఇచ్చారు. అంటే అణువు ఇరవై రూపాయలు. అణువు కన్నా చిన్నది లేదు. టీ పది రూపాయలు గనక, ఒక్క టీ తాగే వీలు లేకుండా పోయింది. ఊళ్ళో జనం జతలుగా టీ తాగడం మొదలుపెట్టారు. జత దొరకనివాడు రెండూ తానే తాగి, రాత్రంతా కళ్ళు తెరుచుకుని పడుకునేవాడు. ప్రహరీ గోడ మీద తొమ్మిదేళ్ళుగా దావా నడుపుకుంటున్న అన్నదమ్ములిద్దరు ఒకనాడు వేరే తోడు దొరక్క ఒకే అణువుకు చెరో టీ తాగారు. దీన్ని మండలి తన పత్రికలో ‘ద్రవ్య ఐక్యత ద్వారా కుటుంబ ఐక్యత’ అని ఫొటోతో సహా వేసింది.

ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కంతా సూర్యచంద్రం దగ్గర వచ్చింది.

సూర్యచంద్రం కాలవ లాకుల పక్కన, ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క సెలూన్ నడుపుతాడు. ఏభై రెండేళ్ళ మనిషి. పదమూడో ఏట కత్తెర పట్టాడు. గదిలో ముందువైపు అతని కుర్చీ, అద్దం. వెనకవైపు అతని భార్య సత్యవేణి కుట్టుమిషను. ఆమె జాకెట్లు కుడుతుంది. క్షవరం ఎనభై రూపాయలు. ఆదివారం మధ్యాహ్నం షాపు మూసి, మంచం మీంచి లేవలేని ముసలివాళ్ళ ఇళ్ళకు సంచీ పట్టుకుని వెళ్ళి ఊరికే కత్తిరించి వస్తాడు. వేగిపాలెంలో తల మాసినవాడు ఒక్కడు కూడా ఉండకూడదని అతనికొక పట్టుదల. ఎవరైనా చెవుల మీదికి జుట్టొచ్చి బజార్లో కనిపిస్తే తన పరువు పోయినట్టు బాధపడేవాడు.

రూపాయి పోయినప్పుడు అతను పెద్దగా కంగారు పడలేదు. ఎనభై అంటే సరిగ్గా నాలుగు అణువులు. చిల్లర గొడవ లేదు.

మూడో వారంలో ప్రత్యేకాధికారి మార్కండేయులు గారు సెలూన్‌కు స్వయంగా వచ్చారు. ఆయన మండలి తరఫున వేగిపాలెంలో మకాం పెట్టిన పెద్దమనిషి. మాట్లాడేటప్పుడు కూడా కింద సంతకం పెట్టినట్టే మాట్లాడతారు.

“సూర్యచంద్రం గారూ, నిన్నటి వరకూ మీరు ఒక స్థానిక క్షురక వృత్తిదారు. ఈ క్షణం నుంచి మీరు విశ్వ ధరా వ్యవస్థలో ఒక ప్రామాణిక బిందువు.”

“ఆయ్, అలాగేనండి,” అన్నాడు సూర్యచంద్రం కుర్చీ దులుపుతూ. “బిందువంటే ఏం చెయ్యాలండి?”

“క్షవరానికి ఒక జగం తీసుకోవాలి.”

సూర్యచంద్రం చేతిలో తువ్వాలు ఆగిపోయింది. “జగవాండీ? రెండు వేలాండీ?”

“రూపాయల్లో ఆలోచించడం నేరం కాదు గాని, వెనకబాటుతనం. డబ్బు ఒకటైనప్పుడు ధర కూడా ఒకటే కావాలి. లేకపోతే ఆ డబ్బుకు అర్థమేముంది? బియ్యం ఎక్కడ చవకైతే అక్కడి నుంచి ఓడలో తెచ్చుకోవచ్చు. క్షవరాన్ని ఓడ ఎక్కించలేం. అందుకే ప్రతి ఊళ్ళోనూ దాని ధర దాని ఇష్టం. ఈ విశృంఖలతను మండలి సహించదు. మండలి కార్యాలయం ఉన్న ఊళ్ళో క్షవరం ఒక జగం. కాబట్టి ఇక్కడా ఒక జగం.”

సూర్యచంద్రం తల గోక్కున్నాడు. “మరి ఆ ఊళ్ళోనే నాలుగు అణువులు చేయించొచ్చు కదండీ?”

“ఆ ప్రతిపాదన వచ్చింది. కానీ మండలి సభ్యులంతా అక్కడే క్షవరం చేయించుకుంటారు. మెడ మీద కత్తి పెట్టే మనిషిని నొప్పించడం విధానపరంగా వాంఛనీయం కాదని వదిలేశారు.” మార్కండేయులు గారు చేయి చాచి అభినందించారు. “పొద్దుట లేచినప్పటికీ ఇప్పటికీ మీ ఆదాయం ఇరవై అయిదు రెట్లు పెరిగింది. చాలామందికి ఇటువంటి అదృష్టం పట్టదు.”

వెనక మిషను చప్పుడు ఆగింది. సత్యవేణి తల బయటికి పెట్టింది.

“ఆ జగం ఇచ్చేవోడెవడండి బాబూ?” అంది.

“అది డిమాండుకు సంబంధించిన విషయం. నా విభాగం ధర మాత్రమే.”

“మరి నా జాకెట్ల సంగతో?”

“జాకెట్లు రెండో విడత,” అని ఆయన వెళ్ళిపోయారు.

వెళ్ళేముందు గోడకు పలక కొట్టించారు. ‘విశ్వ క్షవరం – ఒక జగం. తగ్గించినవారు శిక్షార్హులు.’

ఆ మర్నాటి నుంచి సెలూన్‌కు పేపరు చదవడానికి వచ్చేవాళ్ళు తప్ప ఎవరూ రాలేదు. వాళ్ళు కూడా బల్ల మీదే కూర్చునేవారు. పొరపాటున కుర్చీలో కూర్చుంటే జగం అడుగుతాడేమోనని భయం. పదకొండు రోజులు గడిచాయి. వేగిపాలెం మీద మెల్లగా ఒక నీడలాంటిది కమ్ముకుంది. పరీక్షగా చూస్తే అది జుట్టు.

పన్నెండో రోజు కొబ్బరి దింపు యేసుపాదం వచ్చాడు. చెట్టెక్కేటప్పుడు జుట్టు కళ్ళల్లో పడుతోంది. నిన్న గెల అనుకుని తేనెపట్టు మీద చెయ్యేశాడు. ఎడమ చెయ్యి బూరెలా ఉబ్బి ఉంది.

“అన్నయ్యా, చెట్టుకి మూడు అణువులిస్తారు నాకు. ముప్పై మూడు చెట్లెక్కి దిగి, ముప్పై నాలుగోది మూడోవంతు ఎక్కితే గాని నీ కుర్చీలో కూచోలేను. ఇదేం నాయం?”

“నన్నడుగుతావేంట్రా, ఆయన్నడుగుదాం పద,” అన్నాడు సూర్యచంద్రం. ఇద్దరూ ప్రత్యేకాధికారి కార్యాలయానికి వెళ్ళారు.

యేసుపాదం ఉబ్బిన చెయ్యి బల్ల మీద పెట్టి అడిగాడు. “అయ్యా, క్షవరానికి లోకమంతా ఒకటే రేటన్నారు. బాగుందండి. మరి చెట్టెక్కితే లోకమంతా ఒకటే రేటు రావాలి కదండీ? ఆ చలి దేశంలో చెట్టెక్కినోడికి ఎంతిస్తారో నాకూ అంతే ఇప్పించండి. అప్పుడు వారానికోసారి గొరిగించుకుంటాను.”

మార్కండేయులు గారు చిరునవ్వు నవ్వారు. “మీరు ధరనూ కూలినీ కలిపేస్తున్నారు. క్షవరానిది ధర. అది విశ్వసూత్రం. చెట్టెక్కినందుకు ఇచ్చేది కూలి. అది స్థానిక ఆచారం.”

“క్షవరం చేసినందుకు ఇచ్చేది మా సూర్యచంద్రం అన్నయ్య కూలి కాదాండీ?”

చిరునవ్వు అలాగే ఉండిపోయింది గాని, దాని వెనక మనిషి కాసేపు కనిపించలేదు. తరువాత ఆయన కలం తీసి, విషయాన్ని వివరణ కోసం మండలికి రాశారు.

మండలి వాళ్ళు బుర్ర ఉన్నవాళ్ళు. నాలుగు రోజుల్లో జవాబొచ్చింది. ‘క్షవరం చేయించుకునేవాడి వైపు నుంచి చూస్తే అది ధర. చేసేవాడి వైపు నుంచి చూస్తే అది కూలి. ధర ప్రపంచానిది, కూలి ఊరిది. కావున సదరు సూర్యచంద్రం ఒక జగం వసూలు చేసి, తన స్థానిక కూలి నాలుగు అణువులు ఉంచుకుని, మిగిలిన తొంభై ఆరు అణువులు ప్రపంచ సమీకరణ నిధికి జమ చేయవలెను. ఈ సూత్రం వేగిపాలెంలో పనిచేయు మండలి సిబ్బంది జీతములకు కూడా వర్తించును.’

చివరి వాక్యం చదివి మార్కండేయులు గారు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివారు. వాక్యం మారలేదు. వచ్చే నెల నుంచి ఆయనకు వేగిపాలెం జీతం.

ఊరి జనం తమ దారి తాము చూసుకున్నారు. కాలవ వంతెన దాటితే పొరుగూరు. అక్కడింకా రూపాయే. ఎనభైకి నున్నగా కత్తిరిస్తున్నారు. దాంతో మండలి వంతెన మీద చెక్‌పోస్టు పెట్టింది. వెళ్ళేటప్పుడు ప్రతి తలనూ ఒక ఫొటో, వచ్చేటప్పుడు ఒక ఫొటో. రెండిటికీ తేడా ఉంటే ‘కేశ విదేశీ వ్యాపారం’ కింద జరిమానా. తిరుపతి వెళ్ళి గుండుతో వచ్చినవాళ్ళతో పెద్ద పేచీ వచ్చింది. లడ్డు చూపిస్తే వదిలేయమని ఉత్తర్వులు వచ్చాయి. దారిలోనే లడ్డు తినేసిన ఒక కుటుంబం వంతెన అవతల రెండు రోజులు ఉండిపోయింది. చివరికి పిల్లవాడి జేబులో ఒక జీడిపప్పు దొరికితే దాన్ని పాక్షిక సాక్ష్యంగా అంగీకరించారు.

ఇవన్నీ సూర్యచంద్రం నవ్వుతూనే విన్నాడు. నవ్వలేనిది ఒకటే. ఆదివారాలు.

వెంకట్రత్నం మాస్టారికి ఎనభై ఆరేళ్ళు. సూర్యచంద్రానికి ఎక్కాలు నేర్పింది ఆయనే. రెండేళ్ళుగా మంచంలో ఉన్నారు. ఎవరి గడ్డం వారు గీసుకున్నా, ఊరికే కత్తిరించినా నేరమని, సున్నా ధర అనేది జగం మీద జరిగే అతి ఘోరమైన దాడి అని మండలి చెప్పడంతో అయిదు ఆదివారాలుగా సూర్యచంద్రం ఆ వీధి వైపు వెళ్ళలేదు. ఆరో ఆదివారం కబురొచ్చింది. వెళ్ళాడు, సంచీ లేకుండా.

మాస్టారు గడ్డం గుండెల మీదికొచ్చింది. మెడ కింద చెమటకాయలు. అన్నం మెతుకులు గడ్డంలో ఎండిపోయి ఉన్నాయి.

“ఒరేయ్ సూరీ, చీమలు పాకినట్టుందిరా,” అన్నారాయన. “మీవేవో పెద్ద చట్టాలటగా. నాకర్థం కాదు. నీకు ఇబ్బందయితే వద్దులే. కాస్త గోకి వెళ్ళు, చాలు.”

సూర్యచంద్రం బయటికొచ్చి గబగబా ఇంటికి నడిచాడు. సత్యవేణి అతని మొహం చూసి, అడక్కుండానే సంచీ తీసి చేతికిచ్చింది. “వేణ్ణీళ్ళు వాళ్ళింట్లోనే కాయమని చెప్పండి,” అంది.

గంటన్నర పట్టింది. కత్తిరించి, గీసి, పటిక రాసి, ఒళ్ళు తుడిచి, అద్దం చూపించాడు. మాస్టారు అద్దంలోకి చాలాసేపు చూసుకున్నారు. “బతికే ఉన్నానురోయ్,” అన్నారు.

మర్నాడు పదకొండు గంటలకల్లా తల దొరికిపోయింది. ఊరంతా రుషుల్లా ఉన్నప్పుడు ఒక్క నున్నటి గడ్డం ఎక్కడ దాగుతుంది? వార్డు పరిశీలకుడు కిటికీలోంచి చూసి రాసుకున్నాడు. మధ్యాహ్నానికి సూర్యచంద్రాన్ని పురపాలక సంఘం సమావేశ మందిరానికి పిలిపించారు. నేరం పేరు ‘ధరాపతన ప్రోత్సాహం’.

“మీరు వెంకట్రత్నం అనే వ్యక్తి వద్ద ఎంత తీసుకున్నారు?” అని మార్కండేయులు గారు అడిగారు.

“ఏం తీసుకోలేదండి.”

“అంటే ప్రపంచ ధరను నూటికి నూరు శాతం పడగొట్టారు. ఒప్పుకుంటున్నారా?”

“ఆయన గడ్డం తీసేనండి. ధర సంగతి నాకు తెలీదు.”

“ఇలా ప్రతివారూ దయ చూపిస్తూ పోతే ద్రవ్య వ్యవస్థ ఏమవుతుందో ఆలోచించారా?”

సూర్యచంద్రం నిజంగానే ఆలోచించాడు. “ఆయన గడ్డం ఏమవుద్దోనని ఆలోచించేనండి. అక్కడే ఆగిపోయింది నా బుర్ర,” అన్నాడు.

శిక్ష కుర్చీకి పడింది. ఇద్దరు బంట్రోతులు వచ్చి కుర్చీకి అడ్డంగా నిలువుగా తెల్లని టేపు చుట్టి, లక్కతో సీలు వేశారు. కత్తెర మాత్రం వదిలేశారు. అది వ్యక్తిగత ఆస్తి. నాలుగు రోజులు సూర్యచంద్రం బల్ల మీద కూర్చుని, గాలిలో కత్తెర ఆడిస్తూ గడిపాడు. ఆ చప్పుడు లేకపోతే అతనికి అన్నం అరిగేది కాదు. సత్యవేణి జాకెట్ల మీద వచ్చే అణువులతో ఇల్లు నడిచింది. అదే అతనికి ఎక్కువ కష్టంగా ఉంది.

“తప్పు చేసేనంటావా?” అని అడిగాడొకసారి.

“మాస్టారి చెవుల్లో వెంట్రుకలు తీసేరా?” అంది ఆమె.

“తీసేను.”

“అయితే తప్పు లేదు,” అని దారం కొరికింది.

అయిదో రోజు మధ్యాహ్నం ఎండలో మార్కండేయులు గారు ఒక్కరే వచ్చారు. వెనక బంట్రోతు లేడు, చేతిలో కాగితం లేదు. జుట్టు చెవులు దాటి కాలరు మీద పడుతోంది. గడ్డం ఒకవైపు తెల్లగా, ఒకవైపు నల్లగా మాసి ఉంది. గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకున్నారు.

“రేపు మండలి అధ్యక్షురాలు వస్తున్నారు. నేను ఈ అవతారంలో ఎదురెళితే బాగుండదు.”

“మరి చేయించుకోలేదేంటండి ఇన్నాళ్ళూ?” అన్నాడు సూర్యచంద్రం.

ఆయన పలక వైపు చూశారు. “వేగిపాలెం జీతం,” అన్నారు మెల్లగా. “ఇంటికి పంపగా మిగిలినదాంట్లో జగం అంటే... కుదర్లేదు. వంతెన దాటుదామంటే ఫొటో తీసే నియమం నేను పెట్టిందే.”

సూర్యచంద్రం ఆ తల వైపు చూశాడు. కోపం రావాలని అతనికీ తెలుసు. కానీ నెల్లాళ్ళుగా దువ్వెన ఎరగని ఆ తల చూస్తుంటే చేతులు దురద పెడుతున్నాయి.

“కూర్చోండి,” అన్నాడు.

“కుర్చీకి సీలుంది.”

“మీదేగా.”

మార్కండేయులు గారు వంగి, తాను వేయించిన లక్కను తన గోరుతో ఊడదీశారు. సత్యవేణి తువ్వాలు తెచ్చి ఆయన మెడ చుట్టూ కట్టింది. సూర్యచంద్రం కత్తెర ఆడించాడు. చప్పుడు ఈసారి గాలిలో పోలేదు. అరగంటలో అద్దంలో ఒక శుభ్రమైన మనిషి కనిపించాడు.

“నేను... ఎంత ఇవ్వాలి?” అని జేబు తడుముకున్నారాయన.

“ఉంచండి. ఎల్లి భోంచెయ్యండి, చిక్కిపోయేరు.”

మర్నాడు అధ్యక్షురాలు ఇద్దరు సభ్యులతో, ఒక దుబాసీతో దిగారు. సమావేశ మందిరం నిండా జుట్టు. ఆ జుట్టు మధ్యలో ఒకే ఒక్క కత్తిరించిన తల, వేదిక మీద. అధ్యక్షురాలి చూపు నేరుగా దాని మీదికే వెళ్ళింది. ఆవిడ ఏదో అంది. దుబాసీ తెలుగులో చెప్పాడు.

“తమరి క్షవరము కడు రమణీయముగా ఉన్నది. దానికి ఎంత చెల్లించితిరి?”

మార్కండేయులు గారు లేచి నిలబడ్డారు. జగం అంటే నిధికి తొంభై ఆరు అణువుల రశీదు చూపాలి. నాలుగు అణువులంటే నేరం. మూడో వరుసలో సూర్యచంద్రం కూర్చుని ఉన్నాడు. మార్కండేయులు గారు అతని వైపు ఒకసారి చూసి, తల దించుకోకుండా చెప్పారు.

“ఏమీ చెల్లించలేదు. ఆయన ఊరికే చేశారు.”

ముగ్గురు పెద్దలూ తలలు దగ్గరికి చేర్చి పావుగంట గుసగుసలాడారు. ఒక సభ్యుడు కాగితం మీద పెద్ద సున్నా గీసి చూపించాడు. రెండో సభ్యుడు దాన్ని తిప్పి చూశాడు. ఎటు తిప్పినా సున్నాగానే ఉంది. అధ్యక్షురాలి మొహం విప్పారింది. ఆవిడ లేచి ప్రకటించింది. దుబాసీ తెలుగు చేశాడు.

“ఇరువది ఏండ్లుగా మేము అన్వేషించుచున్నది ఈ పట్టణమున లభించినది. ఏ దేశమందైనను, ఏ ద్రవ్యమందైనను మారని ధర ఒక్కటే గలదు. అది సున్నా. నేటి నుండి ప్రపంచమంతట క్షవరము ఉచితము!”

హాలంతా చప్పట్లు కొట్టింది. సూర్యచంద్రం మాత్రం కుర్చీలోకి జారిపోయాడు. పక్కన యేసుపాదం చప్పట్లు కొడుతూ కొడుతూ ఆగి, “అన్నయ్యా, మరి నువ్వేం తింటావు?” అన్నాడు.

ఆ ప్రశ్న ప్రపంచంలో చాలామంది క్షురకులకు ఒకేసారి వచ్చింది. అందరికన్నా ముందు ఆ చల్లని ఊళ్ళో, మండలి కార్యాలయం ఎదురుగా షాపున్న ఆయనకు వచ్చింది. ఆయన కత్తెర మూసి తలుపు వేశాడు. ఆ దేశమంతా వేసింది. మిగతా దేశాలూ వేశాయి. వేగిపాలెంలో సూర్యచంద్రం ఒక్కడే ఆదివారాలు తెరిచాడు, అదీ ముసలివాళ్ళ కోసం. రెండు నెలలకు మండలి మహాసభ జరిగింది. అధ్యక్షురాలి జుట్టు దస్తావేజుల మీద పడి ఆవిడకు అజెండా కనపడలేదట. సభ్యులు గడ్డాలు పక్కకు తొలగించుకుని ఓటు వేశారు. జగం అనే ఆశయం గొప్పదేనని, అయితే దాన్ని అందుకునే స్థాయికి ప్రపంచం ఎదిగేవరకు వాయిదా వేయడమైనదని తీర్మానమైంది.

రూపాయి తిరిగొచ్చిన పొద్దున సెలూన్ ముందు వరస వంతెన దాకా ఉంది. మొదటివాడు యేసుపాదం. చెయ్యి మానింది. సూర్యచంద్రం నిలబడినవాడు నిలబడినట్టే సాయంత్రం దాకా కత్తిరించాడు. ఊడ్చిన జుట్టు సత్యవేణి రెండు బస్తాలకు ఎత్తింది. మధ్యలో పట్టుకారుతో పలక ఊడబెరికి, కాలు విరిగిన బల్ల కింద ఎత్తు పెట్టింది.

అయిదింటికి ఆ వరసలో మార్కండేయులు గారి వంతు వచ్చింది. మూడు గంటల పాటు ఎండలో నిలబడ్డారు. మర్నాడు బదిలీ మీద వెళ్ళిపోతున్నారు. ఎనభై రూపాయలు ముందే అద్దం దగ్గర పెట్టి కుర్చీలో కూర్చున్నారు.

“ఎలా కత్తిరించమంటారండి?” అడిగాడు సూర్యచంద్రం.

“అందరికీ ఎలా చేస్తున్నావో అలాగే చెయ్యవయ్యా.”

సూర్యచంద్రం దువ్వెన ఆపి, ఆయన తలను రెండు చేతులతో పట్టుకుని కాస్త ఎడమకు, కాస్త కుడికి తిప్పి చూశాడు.

“అందరికీ ఒకలా కుదరదండి. మీకు సుడి ఎడమ పక్కుంది,” అన్నాడు.

మార్కండేయులు గారు కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుని తల వంచారు.